వుల్ఫ్ ట్రాప్‌ను నల్గొండ మట్టితో కట్టడం: ప్రాజెక్టు డైరీ

ఎవరైనా తమ ల్యాబ్‌లో ఇదే పని చేయాలనుకుంటే చూసి చేసుకోవడానికి వీలుగా రాస్తున్నాను. పని జరుగుతున్నది నల్గొండ జిల్లాలో, మా జూనియర్ కాలేజీ బోటనీ ల్యాబ్‌లో. పరికరం నుంచి కావలసింది ఒక్కటే. పోషక ద్రవంలో చిటికెడు మట్టి సారం వేస్తే అందులో ప్రాణమున్నదేదైనా పెరుగుతోందో లేదో అంకెల్లో చెప్పాలి.

ఆలోచన వుల్ఫ్ విష్నియాక్‌ది. 1922లో బెర్లిన్‌లో పుట్టి, అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీలో పనిచేసిన మైక్రోబయాలజిస్టు ఆయన. జీవశాస్త్రానికి నాసా ఇచ్చిన మొట్టమొదటి గ్రాంటు, 4,485 డాలర్లు, 1959లో ఆయనకే దక్కింది. వుల్ఫ్ ట్రాప్ దాంతోనే మొదలైంది. అంగారకుడి మట్టిని లోపలికి తీసుకుని, పోషక ద్రవంలో కలిపి, ద్రవం కలక బారుతోందా, ఆమ్లత మారుతోందా అని చూసే పెట్టె అది. సూక్ష్మజీవులు పెరిగితే ద్రవం మసకబారుతుంది, దాని గుండా పోయే వెలుగు పక్కలకు చెదురుతుంది. ఆ చెదిరిన వెలుగును కొలవాలి.

అంగారకుడి మీదికి నాసా పంపిన వైకింగ్ నౌకలకు ఎంపిక చేసిన నాలుగు జీవ ప్రయోగాల్లో ఇదొకటి. 1972లో ఖర్చు పెరిగిపోయిందని దీన్ని పక్కన పెట్టారు. అంగారకుడి మీద నీళ్ళు ద్రవంగా నిలవవు, అలాంటి చోటికి ఇంత తడి ప్రయోగం ఎందుకన్న విమర్శ కూడా ఉంది. జీవశాస్త్రవేత్త నార్మన్ హోరోవిట్జ్ ఆ వాదన గట్టిగా వినిపించాడు. పన్నెండేళ్ళకు పైగా పెట్టిన కష్టం అంగారకుడి దాకా పోకుండానే ఆగింది. ఆ పెట్టెలో ఉన్న సూత్రం మాత్రం ఇంటర్ పిల్లలు కూడా కట్టి చూడగలిగినంత తేలిక. మట్టి దగ్గరికి వచ్చేసరికే అసలు కష్టం మొదలవుతుంది.

దశ 1: పెట్టె, దీపం, సెన్సర్

మొదటి కట్టుబడి ఇలా:

1. రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, లోపల నల్ల రంగు. పది మిల్లీలీటర్ల ఇంజెక్షన్ వయల్ (చిన్న గాజు సీసా) నిలబడేలా అడుగున చెక్క దిమ్మ.
2. ఒక పక్క ఎల్ఈడీ. దానికి సరిగ్గా 90 డిగ్రీల కోణంలో సెన్సర్. ఎదురుగా పెట్టకూడదు. ఎదురుగా పెడితే తగ్గిన వెలుగు కొలుస్తాం, పక్కన పెడితే చెదిరిన వెలుగు కొలుస్తాం. కలక కొద్దిగా ఉన్నప్పుడు రెండోదే మేలు.
3. రీడింగు తీసుకోవడానికి ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. సెన్సర్ ఇచ్చే వోల్టేజిని అది అంకెగా మారుస్తుంది.

సెన్సర్‌గా మొదట ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే రెసిస్టరు) పెట్టాం, పనికిరాలేదు. ఎక్కువ వెలుగు చూసిన ఎల్‌డీఆర్ వెంటనే మామూలు స్థితికి రాదు. ఒకే వయల్‌ను తీసి వెంటనే పెడితే 311, కాసేపాగి పెడితే 287. కదలని నీళ్ళకే ఇంత తేడా ఉంటే పెరుగుదలను ఎలా నమ్ముతాం? దాన్ని తీసేసి బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ (వెలుగు పడితే కరెంటు ఇచ్చేది), ఒక మెగా ఓమ్ రెసిస్టరు పెట్టాం. ఆర్డుయినో రిఫరెన్సును, అంటే అది కొలవగల గరిష్ఠ వోల్టేజిని, 5 వోల్టుల నుంచి లోపలి 1.1 వోల్టులకు మార్చాం. అప్పుడు ఒక్కో అంకె దాదాపు ఒక మిల్లీవోల్టు. చెదిరిన వెలుగు చాలా తక్కువ కాబట్టి ఈ మార్పు లేకపోతే ఏమీ కనిపించదు.

తెల్ల ఎల్ఈడీ కూడా తీసేసి ఎరుపుది పెట్టాం. పోషక ద్రవం లేత పసుపు రంగులో ఉంటుంది, నీలి వెలుగును మింగేస్తుంది. ఎరుపు వెలుగుకు అది అడ్డం రాదు. పెద్ద ల్యాబుల్లో బ్యాక్టీరియా పెరుగుదలను 600 నానోమీటర్ల దగ్గర కొలిచే అలవాటుకు ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇంకో రెండు విషయాలు. వయల్ గాజు అన్ని వైపులా ఒకే మందం ఉండదు, తిప్పి పెడితే 20 అంకెల వరకు తేడా వచ్చింది. ప్రతి వయల్‌కూ మార్కర్‌తో గీత గీసి, ఆ గీత ఎల్ఈడీ వైపే ఉండేలా పెడుతున్నాం. ఎల్ఈడీ ఆర్పినప్పటి రీడింగును ప్రతిసారీ తీసివేయాలి. మూత మీద నల్ల గుడ్డ ఉన్నా మా ల్యాబ్ కిటికీ వెలుగు కొంత లోపలికి వస్తూనే ఉంది.

ఇప్పటిదాకా ఖర్చు: ఆర్డుయినో 450, వైర్లు, బోర్డు 150, ఎల్ఈడీలు, ఎల్‌డీఆర్ 30, పైపు, రంగు 90, ఫోటోడయోడ్, రెసిస్టర్లు 70. మొత్తం 790 రూపాయలు. ఎలక్ట్రానిక్ సామానంతా హైదరాబాద్ కోఠి, గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

దశ 2: అంకెలకు అర్థం కట్టడం

మీటరు 200 చూపిస్తే ఎన్ని బ్యాక్టీరియా ఉన్నట్టు? దీనికి మక్‌ఫార్లండ్ ప్రమాణం ఉంది, అంటే బ్యాక్టీరియా కలకతో పోల్చుకోవడానికి చేసుకునే తెలిసిన కలక. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉండే వాటితోనే చేసుకోవచ్చు.

1. బేరియం క్లోరైడ్ 1.175 శాతం ద్రావణం 0.05 మిల్లీలీటరు.
2. సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 శాతం ద్రావణం 9.95 మిల్లీలీటర్లు.
3. కలిపితే తెల్లటి బేరియం సల్ఫేట్ కలక వస్తుంది. ఇది 0.5 ప్రమాణం. మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా ఉన్నప్పటి కలకకు సమానం.
4. బేరియం క్లోరైడ్ 0.1, ఆమ్లం 9.9 తీసుకుంటే 1 ప్రమాణం. ఇలాగే పైకి.

మాకు వచ్చినవి: శుద్ధమైన నీళ్ళు 18, శుద్ధమైన పోషక ద్రవం 34, అర ప్రమాణం 196, ఒకటి 365, రెండు 655, మూడు 840. రెండు దాటాక గీత వంగిపోతోంది, అక్కడి అంకెల మీద లెక్కలు కట్టొద్దు. బేరియం క్లోరైడ్ విషం. ఈ వయల్స్ పిల్లల చేత కలిపించలేదు, మూత సీలు చేసి విడిగా పెట్టాను. కొలిచే ముందు బాగా కుదపాలి, అడుగుకు చేరిపోతుంది.

వయల్స్, రబ్బరు మూతలు 50కి 400. మొత్తం 1,190.

దశ 3: మట్టే అడ్డం

ఎక్కువ కాలం ఆగిపోయింది ఇక్కడే. ఎర్ర చెల్క మట్టిని నేరుగా ద్రవంలో వేస్తే మొదటి రీడింగే 700. మర్నాటికి 210. బంకమన్ను అడుగుకు దిగుతుంటే రీడింగు పడిపోతోంది. ఆ పడిపోయే గీత కింద బ్యాక్టీరియా పెరుగుతున్నా మనకు తెలియదు. నల్ల రేగడి ఇంకా మొండిది, దాని సన్న రేణువులు రోజుల తరబడి దిగవు.

నల్గొండలో ఉన్నవాళ్ళకు పటిక ఆలోచన రాకుండా ఉండదు. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో వాడేది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరే కదా. పటిక కొంచెం వేయగానే వయల్ తేటబడింది, రీడింగు 52. అందరం సంతోషపడ్డాం. కానీ మట్టి వేసిన వయల్‌కూ, వేయని వయల్‌కూ తర్వాత తేడా రాలేదు. అప్పటికే బాగా పెరిగి 365 చూపుతున్న ఇంకో వయల్‌లో పటిక వేసి చూస్తే అదీ 70కి పడింది. పటిక బంకమన్నుతో పాటు బ్యాక్టీరియాను కూడా ముద్ద కట్టి కిందికి లాగేస్తోంది. పైగా ద్రవాన్ని పుల్లగా మారుస్తుంది. తాగే నీళ్ళకు మంచిదే, ఈ పనికి చేటు.

చివరికి కుదిరిన పద్ధతి:

1. మట్టి ఒక గ్రాము, మరిగించి చల్లార్చిన 0.85 శాతం ఉప్పునీళ్ళు 9 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలు కుదపాలి.
2. అరగంట కదపకుండా ఉంచాలి.
3. పైతేట నుంచి 0.5 మిల్లీలీటరు సిరంజితో తీసి, 9.5 మిల్లీలీటర్ల పోషక ద్రవమున్న వయల్‌లోకి మూత గుండా ఎక్కించాలి.
4. మొదటి గంట రీడింగును ఆధారంగా తీసుకోవాలి.

ఇప్పుడు చెల్క మట్టి 58 దగ్గర మొదలై, ఆరు గంటల దాకా దాదాపు కదలకుండా ఉండి, ఇరవై నాలుగు గంటలకు 410కి పోయింది. మొదట నిలకడ, తర్వాత ఒక్కసారిగా ఎక్కడం: బ్యాక్టీరియా గీత ఇలాగే ఉంటుంది.

పోషక ద్రవం గురించి. బెల్లం నీళ్ళతో మొదలుపెట్టాం, కుక్కర్‌లో ఉడికితే నల్లబడింది. మానేసి, ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచడానికి వాడే న్యూట్రియెంట్ బ్రాత్ పొడి తెప్పించాం. డబ్బా మీద లీటరుకు 13 గ్రాములని ఉంటుంది. అందులో పదో వంతే వేస్తున్నాం. పోషకాలు కరువైన మట్టిలో బతికే జీవుల్లో చాలావి చిక్కటి పోషకాన్ని తట్టుకోలేవన్నది మైక్రోబయాలజీలో పాత అనుభవం. గుట్ట మీది రాతి నెర్రెల్లోంచి తీసిన మట్టి పూర్తి మోతాదులో పెరగలేదు, పదో వంతులో పెరిగింది.

బ్రాత్ 550, సిరంజిలు 80, పాత ఐదు లీటర్ల కుక్కర్ 650. మొత్తం 2,470.

దశ 4: చంపిన మట్టి

ప్రతి మట్టికీ మూడు వయల్స్. ‘అ’లో మట్టి సారం మామూలుగా. ‘ఆ’లో వేడితో చంపిన మట్టి సారం. ‘ఇ’లో మట్టి లేకుండా ద్రవం ఒక్కటే. ‘ఆ’ లేకపోతే ‘అ’కి విలువ లేదు.

కుక్కర్‌లో, మూత గట్టిగా బిగించిన సీసాలో పొడి మట్టి పెట్టి, ఇరవై నిమిషాలు ఉంచాం. మొదటి రోజు ‘ఆ’ వయల్ 36 దగ్గరే ఉంది. రెండో రోజుకు 260. చచ్చిందనుకున్న మట్టి ఆలస్యంగా లేచింది.

కారణం సీసా మూత. ఆవిరి లోపలికి పోలేదు, మట్టికి తగిలింది పొడి వేడి. 121 డిగ్రీల తడి ఆవిరి పావుగంటలో చేసే పని, అదే వేడిలో పొడిగాలి గంటల్లో కూడా చేయదు. మట్టిలో బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా ఉంటుంది, పరిస్థితి బాగాలేకపోతే గట్టి పెంకు బీజాలుగా మారిపోతుంది. ఆ బీజాలు మామూలు ఉడుకును లెక్కచేయవు.

మార్చిన పద్ధతి:

1. మట్టిని తడిపి, స్టీలు పళ్ళెంలో పలుచగా పరచాలి. పైన బెజ్జాలు పెట్టిన ఫాయిల్.
2. ఆవిరి బాగా వచ్చాక వెయిట్ పెట్టి, గంటసేపు.
3. ఒక రాత్రి ల్యాబ్‌లోనే వదిలేయాలి. మిగిలిన బీజాలు మొలకెత్తుతాయి.
4. మర్నాడు మళ్ళీ గంట.

హాట్ ఎయిర్ ఓవెన్ ఉన్నవాళ్ళు 160 డిగ్రీల్లో రెండు గంటలు పెట్టొచ్చు. ఇప్పుడు ‘ఆ’ వయల్ వారం తర్వాత కూడా 43.

ఇదే 160 డిగ్రీల అంకె వైకింగ్ కథలో కూడా ఉంది. 1976లో అంగారకుడి మీద దిగిన రెండు నౌకల్లో గిల్బర్ట్ లెవిన్, పట్రీషియా స్ట్రాట్‌ల ప్రయోగం ఉంది. లెవిన్ మొదట తాగునీటిలో క్రిములను త్వరగా పట్టే పద్ధతి మీద పనిచేసిన పారిశుద్ధ్య ఇంజనీరు. రేడియో కార్బన్ (రేడియోధార్మిక కార్బన్) ఉన్న పోషకాన్ని అర సీసీ మట్టి మీద చుక్కగా వేస్తే, రేడియో కార్బన్ ఉన్న వాయువు వెంటనే వెలువడింది. 160 డిగ్రీల్లో మూడు గంటలు వేడి చేసిన మట్టి నుంచి రాలేదు. ముందుగా రాసుకున్న షరతుల ప్రకారం చూస్తే అది ప్రాణం ఉన్నట్టే. కానీ అదే నౌకలోని ఇంకో పరికరానికి ఆ మట్టిలో సేంద్రియ పదార్థం దొరకలేదు. మట్టిలోని రసాయనాలే పోషకాన్ని విరగ్గొట్టాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు తేల్చారు. 2008లో ఫీనిక్స్ నౌక అంగారక మట్టిలో పెర్‌క్లోరేట్లు (వేడి చేస్తే సేంద్రియ పదార్థాన్ని నాశనం చేసే లవణాలు) కనిపెట్టాక ఆ చర్చ మళ్ళీ రగిలింది. లెవిన్ 2021లో చనిపోయేదాకా తాను చూసింది ప్రాణాన్నేనని అన్నాడు.

ఈ గొడవ నాకు పుస్తకంలో చదివినప్పటికంటే, తర్వాతి దశలో బాగా అర్థమైంది.

ఫాయిల్, దూది 90. మొత్తం 2,560.

దశ 5: ఇటుక బట్టీ మట్టి

ప్రాణం ఉండే అవకాశమే లేని మట్టి ఒకటి కావాలనుకుని, అప్పుడే విప్పిన ఇటుక బట్టీ లోపలి నుంచి కాలిన పొడి తెచ్చాం. కాల్చిన స్టీలు చెంచాతో తీసి, నేరుగా కాల్చిన సీసాలోకి. ఆ నిప్పులో ఏ బీజమూ మిగలదు. రీడింగు కదలకూడదు.

కదిలింది. ‘అ’ వయల్ రెండు గంటల్లో 49 నుంచి 188కి ఎక్కింది. రెండుసార్లు ఆవిరి పట్టిన ‘ఆ’ వయల్ 40 దాటలేదు. కాగితం మీద చూస్తే లెవిన్ ఫలితం లాంటిదే: మామూలు మట్టి స్పందించింది, వేడి చేసిన మట్టి స్పందించలేదు.

రెండు విషయాలు అనుమానం పుట్టించాయి. ఒకటి, నిలకడ కాలం లేదు, పోసిన వెంటనే ఎక్కడం మొదలైంది. రెండు, 188 దగ్గర ఆగి మళ్ళీ కదల్లేదు. ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే కలక మొత్తం విరిగి, ద్రవం తేట అయింది. బ్యాక్టీరియా కలక ఆమ్లానికి అలా మాయం కాదు, చెల్క మట్టి వయల్‌తో పోల్చి చూశాం.

నా అంచనా ఇది. ఇటుక మట్టిలో ఉన్న సున్నపు గరుసు బట్టీలో కాలి సున్నమైంది. అది నీళ్ళలో కరిగి, బ్రాత్‌లోని ఫాస్ఫేటుతో కలిసి సన్నటి తెల్ల పొడిగా పడింది. ఆవిరి పట్టి రాత్రంతా గాలికి ఉంచిన మట్టిలో ఆ సున్నం కరగని కార్బొనేటుగా మారిపోయింది, అందుకే ‘ఆ’లో ఏమీ రాలేదు. అంటే వేడి చేయడం ప్రాణాన్ని చంపడమే కాదు, రసాయనాన్ని కూడా మారుస్తుంది. ‘ఆ’ వయల్ తేటగా ఉన్నంత మాత్రాన ‘అ’లో ప్రాణమున్నట్టు కాదు.

అందుకని నాలుగో వయల్ కలిపాం. పెరుగుకు తోడు వేసినట్టు, ‘అ’ నుంచి 0.5 మిల్లీలీటరు తీసి కొత్త బ్రాత్‌లో వేయడం. మళ్ళీ దాని నుంచి ఇంకో కొత్త దానిలోకి. చెల్క మట్టి వయల్ ప్రతి తోడులోనూ 400 దాటింది. బట్టీ మట్టి మొదటి తోడులోనే 41 దగ్గర ఆగిపోయింది. రసాయనం ప్రతి తోడుకూ ఇరవయ్యో వంతుకు పలచబడుతుంది. ప్రాణం తిరిగి నిండుతుంది.

వైకింగ్‌కు ఈ సౌకర్యం లేదు. అదే మట్టి మీద రెండోసారి పోషకం చుక్క వేయడం వరకే చేయగలిగింది. అప్పుడు కొత్తగా వాయువు రాలేదు సరికదా, ఉన్నదాంట్లో కొంత తగ్గింది. అప్పటికే జీవులు చచ్చిపోయి ఉంటాయన్నది లెవిన్ వాదన. దాన్ని తేల్చే పరికరం అక్కడ లేదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎవరైనా ఒక్కటే తీసుకుంటే ఈ తోడు వయల్‌నే తీసుకోమంటాను.

పై ఆకాశంలో ప్రాణం కోసం మన హైదరాబాద్ నుంచి జరిగిన వెతుకులాటలో కూడా చిక్కు ఇలాంటిదే. 2005 ఏప్రిల్ 20న టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ 41 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి, ద్రవ నియాన్‌తో చల్లబరిచిన స్టీలు గొట్టాల్లో గాలి పట్టుకొచ్చింది. ఆ ప్రయోగానికి ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ముఖ్య పరిశోధకుడు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్త శివాజీ బృందం అందులోంచి మూడు కొత్త బ్యాక్టీరియా జాతులను వేరుచేసింది. 2009లో వాటికి జానిబాక్టర్ హోయిలీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టారు. అక్కడ తోడు పెట్టి పెంచారు కాబట్టి ప్రాణమేనన్నది నిర్వివాదం. పైనుంచి దిగిందా, కింది నుంచి ఎగిరిందా అన్నదే ప్రశ్న. ఆకాశం నుంచి వచ్చాయని ఇది తేల్చి చెప్పడం లేదని ఇస్రో తన ప్రకటనలోనే రాసింది. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. బాసిల్లస్ ఆర్యభట్టై తర్వాత సోయా మొక్కల వేళ్ళ దగ్గరి మట్టిలో కూడా దొరికింది.

దశ 6: పాతిన స్లైడులు

మా గుట్ట మట్టిలో ఒక నమూనా మాత్రం ఏ బ్రాత్‌లోనూ పెరగలేదు. ప్రాణం లేదని రాసేయొచ్చు. విష్నియాక్ ఇదే సమస్యను అంటార్కిటికాలో ఎదుర్కొన్నాడు. అక్కడి పొడి లోయల మట్టిలో కొన్ని చోట్ల ఏ జీవీ లేదని హోరోవిట్జ్, ఆయన సహచరులు చెప్పారు. ల్యాబ్ ద్రవంలో పెరగకపోవడం వేరు, అక్కడ లేకపోవడం వేరు అన్నాడు విష్నియాక్. శుద్ధమైన గాజు స్లైడులను ఆ మట్టిలోనే ఉంచి, తర్వాత తీసి చూస్తే సూక్ష్మజీవులు వాటిమీద పెరిగి ఉన్నాయి. 1973 డిసెంబరు 10న, అలా పెట్టిన వాటిని తీసుకురావడానికి బాల్డర్ పర్వతం వైపు ఒంటరిగా పోయి, జారిపడి చనిపోయాడు. యాభై ఒక్కేళ్ళు. ఆయన సేకరించిన మట్టిలోంచి భార్య హెలెన్ ఒక కొత్త ఈస్టును వేరుచేసింది. దానికి అప్పట్లో క్రిప్టోకాకస్ విష్నియాకీ అని పేరు పెట్టారు. ఈ భాగం పిల్లలకు చెప్పేటప్పుడు గొంతు పెగలదు నాకు.

మా పద్ధతి:

1. స్లైడులను స్పిరిటుతో తుడిచి, మంట మీద కాల్చాలి.
2. కత్తితో చీలిక చేసి, నిలువుగా దింపి, మట్టి ఒక వైపు ఆనేలా నొక్కాలి.
3. రెండు మూడు వారాల తర్వాత తీసి, ఆనిన వైపు ఉంచి రెండో వైపు తుడవాలి. మెల్లగా కడిగి, ఆరబెట్టి, మంట మీద సెగ చూపాలి.
4. క్రిస్టల్ వయొలెట్ (ఊదారంగు) ఒక నిమిషం. ఆయిల్ లెన్స్ కింద చూడాలి.

పాతిపెట్టకుండా డబ్బాలోనే ఉంచిన స్లైడుకు కూడా ఇదే రంగు వేయాలి, లేకపోతే రంగు గడ్డలను జీవులనుకునే ప్రమాదం ఉంది. బ్రాత్‌లో పెరగని ఆ గుట్ట మట్టి స్లైడు మీద, ఇసుక రేణువు ఆనిన చోట ఊదారంగు గుండ్లు నాలుగైదు గుంపులుగా కనిపించాయి, ఒక గుంపు చుట్టూ పలుచటి పొరతో. డబ్బాలో ఉంచిన స్లైడు శుభ్రంగా ఉంది. అయినా రికార్డులో ‘జీవులు’ అని రాయలేదు, ‘రంగు పట్టిన గుంపులు’ అని రాశాం. చంపిన అదే మట్టిలో పెట్టిన స్లైడు ఇంకా బయటికి తీయలేదు.

థర్మోకోల్ పెట్టె, థర్మామీటరు 270. మొత్తం 2,830. ఎండాకాలం మా ల్యాబ్ గది 40 దాటుతుంది, పెరుగుదల మందగిస్తుంది. పెట్టెలో తడి ఇసుక పోసి 30 దగ్గర నిలుపుతున్నాం.

చేయబోయే వాళ్ళకు, మిగిలిన పని

పెరిగిన వయల్ ఏదీ తెరవొద్దు. మట్టిలో ధనుర్వాతం బీజాలు కూడా ఉంటాయి. పని అయ్యాక మూతలో సూది గుచ్చి ఉంచి, కుక్కర్‌లో గంట ఉడికించాకే కడగాలి. మా ల్యాబ్ అటెండరన్న కుక్కర్ చూసి మొదటి రోజే అన్నాడు: “సార్, ఇండ్ల అన్నం వండొద్దని పెద్దక్షరాల్ల రాసి పెట్టుర్రి, సెలవులల్ల ఎవలన్న ఇంటికి కొంచవోతరు.” ఎర్ర పెయింటుతో రాశాం. మీరూ రాయండి.

విష్నియాక్ పెట్టెలో కలకతో పాటు ఆమ్లత కూడా కొలిచేవాడు, మాది ఇంకా సగం యంత్రమే. బ్రాత్‌లో ఆమ్లతను బట్టి రంగు మారే బ్రోమోథైమాల్ బ్లూ కలిపి, రెండో ఎల్ఈడీతో రంగు మార్పు చదివించాలని చూస్తున్నాం. బట్టీ మట్టి సున్నం ద్రవాన్ని క్షారం వైపు లాగాలి, గ్లూకోజు కలిపిన బ్రాత్‌లో పెరిగే జీవులు చాలావరకు ఆమ్లం వైపు లాగాలి. రెండు రీడింగులూ పక్కపక్కన ఉంటే దశ 5లో పడ్డ తిప్పలు మొదటి గంటలోనే తెలిసిపోతాయి. రంగు కలిపితే ఎరుపు వెలుగు రీడింగు ఎంత మారుతుందో ముందు మక్‌ఫార్లండ్ వయల్స్‌తో చూడాలి. ఆ అంకెలు వచ్చాక దశ 7 రాస్తాను.